గోడ ప్లగ్గు

సకల జనుల సమ్మెకు మద్దతుగా నానక్‌రామ్‌గూడ కమ్యూనిటీ హాల్లో పెట్టిన సభ గంటకే ఆగిపోయింది. డప్పు మోగిన ప్రతిసారీ మైకు ఆరిపోవడంతో జనం లేచి వెళ్లిపోయారు. హాల్లో మహేందర్, ఆఫీసులో అతని పక్క సీటు శ్యామ్ మిగిలారు. సౌండ్ పెట్టింది శ్యామే.

"ఆంప్లిఫైయర్‌ను ఆ పవర్ కండిషనర్ డబ్బాకు పెట్టినవా? ఇప్పుడే చూసిన," అన్నాడు మహేందర్.

"ఇక్కడ కరెంటు ఎక్కువ తక్కువ అవుతుంది కదరా. కాలిపోకూడదని పెట్టాను."

"డప్పు కొడితే ఆంప్లిఫైయర్ ఒక్కసారే కరెంటు గుంజుతది. గంత చిన్న డబ్బా ఆగదు, ట్రిప్ అయితది. గీ ముచ్చట నాకు చెప్పిందెవరు?"

"నేనే."

"కొండాపూర్ల మీ ఇంట్ల నీ ఆంప్లిఫైయర్ దేనికున్నది?"

"గోడ ప్లగ్గుకి."

"మరి మాకేంది గీ డబ్బా?"

శ్యామ్ ఒక కుర్చీ మడిచి పక్కన పెట్టాడు.

"మొన్నేగా ఫ్లాట్ కొన్నాను. మీ రాష్ట్రం వస్తే ఆంధ్రావాణ్ని, నన్ను ఉండనిస్తారా?"

"గా ఫ్లాట్ చూపించింది నేనే కదరా. భయమైతే రానని చెప్పొద్దా? నిన్ను నమ్మి ఇంతమందిని పిలిచిన."

"రానంటే నువ్వు బాధపడతావని వచ్చాను."

మహేందర్ ఆంప్లిఫైయర్ ప్లగ్గును డబ్బాలోంచి పీకి గోడకు పెట్టాడు. మైకు అందుకున్నాడు.

"శ్యామ్, రేపటి సంది నా పక్క సీట్ల కూసోకు."

ఆ మాట హాలు దాటి బయట ఆటోల దాకా వినిపించింది. మైకు ఆరలేదు.