జోడీలో రెండో బ్లాకు

(నాన్న పోయిన నెలకు, పెరటి షెడ్డులో, ఆయన లేత్ పక్కన. అక్క ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. తమ్ముడు ఆఫీసు గుమాస్తా. షెడ్డు తాళం ఇంకా తమ్ముడి జేబులోనే ఉంది.)

“ఇదేంట్రా ఇది?”

“బ్లాకు అక్కా.”

“బ్లాకని నాకు తెలీదా? మెషిను మీద ముక్క కదలకుండా పట్టి ఉంచే నాన్న బ్లాకు. దానికి ఈ గతేంటని అడుగుతున్నా.”

“నువ్వే చూసి చెప్పు. నాకేం తెలుసు?”

“అవునవును, నీకేం తెలుసు! కన్నంలో డ్రిల్లు విరిగి ఇరుక్కుంది. అదీ మామూలు డ్రిల్లు. గట్టిపరిచిన ఉక్కురా ఇది, సబ్బుబిళ్ల అనుకున్నావా?”

“మామూలుది దిగదా?”

“దిగుతుంది, నీ బుర్రలోకైతే. దీనికి ఉక్కుకన్నా గట్టిది, కార్బైడ్ డ్రిల్లు కావాలి. బ్లాకు కదలకూడదు, చెయ్యి వణకకూడదు.”

“అసలా కన్నంతో పనేంటి?”

“బ్లాకు కన్నాల్లో మరలున్నాయిగా, బోల్టు నేరుగా దూరదు. మరలు తీసేస్తే దూరుతుంది. ఆలోచన ఎవడికైనా వస్తుంది. చెయ్యి రావద్దూ?”

“మరి ఈ నీలం మచ్చ?”

“అదింకా ఘనకార్యం! డ్రిల్లు దిగట్లేదని గ్యాసు మంట పెట్టావ్, మెత్తబడుతుందని. మెత్తబడి చచ్చింది. ఇంక దీన్ని మీ ఆఫీసుకి పట్టుకెళ్లు, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకో.”

“ఆ తర్వాత?”

“తర్వాతేముంది, సుత్తి. ఈ దెబ్బలు కనపడట్లా? విరిగిన ముక్కని కొట్టి బయటికి తీద్దామని. ఛీ! చూస్తుంటేనే ఒళ్లు మండుతోంది.”

“చేసినవాళ్లు కంగారుపడ్డారేమో…”

“‘చేసినవాళ్లు’ అట! ఎవరో గోడ దూకొచ్చి చేసినట్టు. నీ తొమ్మిదేళ్లప్పుడు ఈ బ్లాకుల జోడీలో ఒకటి పోగొట్టావ్—”

“నేను పోగొట్టలేదని అప్పుడే చెప్పా.”

“చెప్పావ్, ముక్కు చీదుకుంటూ. నేనప్పుడే ట్రైనింగులో చేరా, నాకు బాగా గుర్తు. నాన్న నమ్మాడా? ఆ రోజు నుంచి నిన్ను ఈ గడప తొక్కనిచ్చాడా?”

“లేదు. కిటికీలోంచి చూసేవాణ్ణి, నీకు నేర్పుతుంటే.”

“మంచి పని చేశాడు. మిగిలిన ఒక్కదాన్నీ నువ్విప్పుడు తగలేశావ్. పైగా షెడ్డు నాకుంచు, పని నేర్చుకుంటానంటూ రోజూ ఫోన్లు!”

“నాన్న ఇది చూస్తే ఏమనేవాడంటావ్?”

“విరిగినందుకు ఒక్క మాట అనడు. ఆయన విరగ్గొట్టినవి బుట్టెడున్నాయి. విరగ్గొట్టి నోరు మూసుకుని కూచుంటే మాత్రం చీల్చేసేవాడు.”

“అలాంటివాళ్లకి షెడ్డు ఇవ్వకూడదంటావ్.”

“లేత్ మీద చెయ్యి కూడా వెయ్యనివ్వకూడదు. తాళం ఇలా తే. రేపే మొత్తం అమ్మిపారేస్తా.”

“ఇస్తా. ముందా సొరుగు లాగు.”

“ఎందుకు?”

“లాగక్కా.”

“ఏముందిక్కడ? గుడ్డ. గుడ్డలో… ఒరేయ్.”

“నూనె రాసి పెట్టా. గీతేమన్నా పడిందేమో చూడు.”

“ఇది నాన్న దగ్గర మిగిలిన బ్లాకు కదరా!”

“అవును. నేనింకా డ్రిల్లే ముట్టుకోలేదు. నువ్వొచ్చి నేర్పుతావని ఆగా.”

“మరి… నా చేతిలోది?”

“మొన్న లేత్ కింద గ్రీజు మట్టి తీస్తుంటే దొరికింది. గోడవైపు, బాగా లోపలికి తోసేసి ఉంది.”

“నాకు… చూపించకుండా పారెయ్యాల్సింది రా.”

“నీ ట్రైనింగు ఏప్రన్‌లో చుట్టి ఉందక్కా.”