చిన్నగది

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆస్పత్రి నుంచి వచ్చి, వంటింట్లో ఇస్త్రీ చేసుకుంటున్న భార్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"డాక్టరేమన్నారండీ?"

"మగవాళ్ళ హార్మోను బాగా తగ్గిపోయిందట. ఈ నీరసం, ఈ నిద్ర అందుకేనట."

"హమ్మయ్య. బాగుచేయడానికి వెళ్ళి లిఫ్టులోనే గుర్రుపెట్టి, ఇన్నాళ్ళూ నా చేతివంటని ఆడిపోసుకున్నారు."

"ఇంజెక్షన్లు మొదలుపెడితే మళ్ళీ మనిషినవుతానట."

"మరింకేం, చేయించుకోండి."

"ఇంకా పిల్లల కోసం చూస్తున్నారా అని అడిగారు. ఇవి మొదలుపెడితే ఆ కాస్త ఆశా వదులుకోవాలట."

"మీరేం చెప్పారు?"

"ఇంట్లో అడిగి చెప్తానన్నాను."

"నలభై మూడేళ్ళదాన్ని. నన్ను అడిగేదేముంది?"

"అయినా నువ్వే చెప్పాలి. ముందు ఆ ఇస్త్రీపెట్టె ఎత్తు, చొక్కా మాడుతోంది."

"మాడనీండి. పెళ్ళైన కొత్తలో, పుట్టబోయే పిల్లలకని ఆ చిన్నగదికి మీరే పసుపురంగు వేశారు. ఇన్నేళ్ళూ అందులో ఒక్క సామానూ పెట్టనివ్వలేదు నేను. చుట్టాలొచ్చినా హాల్లోనే పడుకోబెట్టాను."

"తెలుసు. నేనెప్పుడైనా ఎందుకని అడిగానా?"

"అడగలేదు. అడిగుంటే ఏడ్చేసేదాన్ని."

"పోనీ, ఇంజెక్షన్లు వద్దులే. ఇలాగే లాక్కొస్తాను."

"మళ్ళీ నిద్రపట్టేసి, మీరు లోపలున్నారని తెలియక ఎవరో మీట నొక్కితే? నాకు మీరుండాలండీ."

"అయితే డాక్టరుతో ఏం చెప్పమంటావు?"

"ఇస్త్రీపెట్టె దించేశాను, ముందు ఆ చివర పట్టుకోండి. ఈ ఇస్త్రీబల్ల చిన్నగదిలో వేసేద్దాం. నెమ్మదిగా ఎత్తండి, ఆయాసపడతారు."