సగం ఆట

గచ్చిబౌలి. కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన కోచ్ శ్రీలత గది. పొద్దున ఎనిమిది. హౌస్‌కీపింగ్ చేసే రేఖ నేల తుడవడానికి వచ్చింది.

“ఇరవై రెండేండ్ల సంది ఒక్క అనుమానం మేడం. అడగాల్నా?”

“ఎవరూ లేనప్పుడు మేడం అనకు, సిరీ అనే పిలువు రేఖా. బోరబండ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం.”

“ఇప్పుడు మీ బెంచీ కింద తుడుస్తున్న గదా. అడగాల్నా?”

“నవనీత గురించేగా? కొత్త టీం లిస్టులో నీ బిడ్డ పేరు లేదు. నేనేం చెయ్యను? ఐదు మ్యాచులాడితే ఐదూ ఓడిపోయాం. మేనేజ్‌మెంట్ ఊరుకుంటుందా? జిల్లాల నుంచి నలుగురు పొడుగు పిల్లల్ని తెస్తున్నారు. మనవాళ్లు నలుగురు పోవాల్సిందే. లిస్టు నిన్ననే పైకి పంపించాను.”

“టీంల ఉంటెనే ఫీజు మాఫీ. పేరు పోతె సదువు పోతది.”

“తెలుసు.”

“ఐదు మ్యాచులల్ల ఎక్కువ పాయింట్లు ఎవరియి?”

“నవనీతవే. కానీ ఎత్తు... మేనేజ్‌మెంట్ వాళ్లు...”

“సరే తియ్యి. గా బూట్ల సంగతి చెప్పు.”

“ఏ బూట్లు?”

“ఏ బూట్లంటవా! మనిద్దరికి ఒక్కటే జత. రెండిండ్లోళ్లు కలిసి కొన్నరు. సగం ఆట నువ్వు, సగం ఆట నేను. గీత కాడ కూసొని, ఇప్పి ఇచ్చుకునేటోళ్లం.”

“చిన్నప్పటి ముచ్చట. ఇప్పుడెందుకు?”

“సెలక్షన్ నాడు సగం ఆటయినంక బూట్లియ్యమని చెయ్యెత్తిన. ఉత్తకాళ్లతోని గీత మీద నిలబడ్డ. నువ్వు రాలే. నిన్ను స్పోర్ట్స్ హాస్టల్‌కు తీస్కున్నరు. చెయ్యెత్తుడు సూడలేదన్నవ్.”

“చూడలేదు. జనం, అరుపులు...”

“శనివారం శనివారం హనుమాండ్ల గుడికాడ దీపం పెట్టి అడుగుత. ఆయన చెప్తలేడు. నువ్వన్న చెప్పు. సూసినవా, సూడలేదా?”

“రేఖా, ఆ లిస్టు...”

“లిస్టు గాదు. సూసినవా?”

“ఆ లిస్టు మేనేజ్‌మెంట్ రాయలేదు.”

“మరెవరు?”

“నలుగుర్ని తియ్యమన్నారు, అంతే. పేర్లు నేనే రాసిన.”

“నా బిడ్డ పేరు నువ్వు కొట్టేసినవా? పాయింట్లన్ని దానియే అని ఇప్పుడే అంటివి!”

“మంచిగ ఆడతది. సగం ఆట బెంచీ మీద కూసోబెట్టిన. అందుకే ఓడినం. ఆటల దింపుండ్రి మేడం అని చెయ్యెత్తుతది... అచ్చం నీ లెక్కనే. గా చెయ్యి కనవడకుండ అటు తిరిగేదాన్ని. ఆనాడు గూడ సూసిన రేఖా. రెండుసార్లు ఎత్తినవ్.”

“మూడుసార్లు.”

“...ఆ. మూడుసార్లు.”

“సాలు. ఇయ్యాల్టితోని నా బాకీ తీర్చినవ్ సిరీ. నా బిడ్డ బాకీ అదే వచ్చి అడుగుతది. జర కాళ్లు పైకెత్తుండ్రి మేడం, కింద తుడవాలె.”