భూమవ్వ నోరు

ఆగు మేడం, ఆగు. గడప మీదనే కూసో. లోపట బీడీల ఆకు తడిపి పెట్టిన, తొక్కితే ఖరాబైతది. ఏమన్నవ్, మల్లొక్కపారి చెప్పు? నా నోట్ల మచ్చ ఉన్నదా? భూమవ్వ నోట్ల?

ఎవరు చూసిండ్రు? ఎప్పుడు చూసిండ్రు?

అగో, బీడీలోళ్లకు పెట్టిన దవఖాన క్యాంపుల చూసిండ్రట! కమ్యూనిటీ హాల్ల డాక్టర్ సాబు టార్చి కొట్టి చూసిండట. మచ్చ ఉన్నదని రాసి పెట్టిండట. గందుకే దవఖాన సిస్టరమ్మవు నువ్వు గల్లి గల్లి అడుక్కుంట, నా ఇల్లు ఎతుక్కుంట వచ్చినవ్. పైసలు గూడ అడుగుతలేవు. ఉత్తగనే వచ్చినవ్. గీ నిజామాబాద్‌ల ఉత్తగ ఇంటికొచ్చెటోళ్లను నేను ఓట్లప్పుడే చూసిన మేడం.

నీ పేరేందన్నవ్? అనసూయ. ఏ ఊరు? డిచ్‌పల్లి? హాఁ, గదీ సంగతి! మా టేకేదారు రామ్‌దాస్‌ది గూడ డిచ్‌పల్లే. ఎరుకలేదా? ఎట్ల ఎరుకుండదు? గట్లనే అంటరు అందరు.

నవ్వకు. మాకు ఆకు, తంబాకు తూచి ఇచ్చెటోడు ఆయననే. చేసిన బీడీలు చూసి తీసుకునెటోడు, బాగలేవని ఏరి పారేసెటోడు ఆయననే. ఆయనకు తెల్వకుంట గీ గల్లిల ఎవరి ఇంట్ల ఏం కూర వండిండ్రో గూడ దాగదు. నువ్వు ఆయన ఊరి దానివి, ఆయన తోలకుంటనే వచ్చినవంటె ఎట్ల నమ్మాలె?

లేకుంటె గా పుర్రె గుర్తోళ్ల మనిషివా? చెప్పు, దాచకు. బీడీ కట్ట మీద పుర్రె బొమ్మ ఎయ్యాల్నంటున్నరు గదా. పుర్రెను చూసుకుంట ఎవడు కొంటడు? కొనకపోతే మేమేం తినాలె? మేమంత పోయి కలెక్టరాఫీసు కాడ ఎండల కూసున్నం. గప్పుడు మీరొక్కరు రాలే, అవ్వా, గీ పని కాకపోతే ఇంకో పని చూపిస్తం అని.

ఏంది, లోపటికి అట్ల చూస్తున్నవ్?

తంబాకు సంచి చూస్తున్నవా? సంచి పక్కకు తొట్టెల ఉన్నది, తొట్టెల్ల నా మనుమరాలున్నది. ఉంటది మరి! ఉన్నదే ఒక్క అర్ర. గదే ఇల్లు, గదే వంట, గదే కార్ఖాన. సంచి బయట పెట్టమంటవ్. వానకు తడిసి బూజు పడితే రామ్‌దాస్ తెచ్చి మొఖాన కొడతడు. గప్పుడు నువ్వొస్తవా అడ్డం?

మూతికి బట్ట కట్టుకోమంటవ్. బట్ట కట్టుకుంటె ముచ్చట పెట్టరాదు. ముచ్చట్లు లేకుంట పొద్దందాక చాట ముందు బీడీలు చుట్టుకుంట ఎట్ల కూసుంటరు, ఒక్కనాడు కూసొని చూడు. తంబాకు దుమ్ము ముక్కుల పోతదంటవ్, నాకెరుకలేదా? చీదితే నల్లగొస్తది. అన్నం ముద్దల గూడ గదే వాసన. మాకిగ అది వాసన అనే యాదిలేదు.

దగ్గుతున్నది, అవును. పిల్ల దగ్గుతది, కోడలు దగ్గుతది, నేను దగ్గుత. బీడీలోళ్ల ఇంట్ల ఎవరన్న దగ్గకుంటె గప్పుడు పరేషాన్ కావాలె.

వద్దు వద్దు, టార్చి తియ్యకు. నేను నోరు తెరువ.

ఎందుకంటవా? అంజవ్వ తెరిచింది గదా! మా ఎనుకింటి అంజవ్వ. నిరుడు గిట్లనే ఎవరో వచ్చిండ్రు, తెరువ్ అన్నరు, తెరిచింది. తెల్ల మచ్చ ఉన్నదన్నరు. గంతే, మచ్చనే. గా మాట గల్లి దాటి కార్ఖానకు పోయింది. రామ్‌దాస్ ఏమన్నడు? రోగమున్న చేతుల బీడీలు మాకొద్దు అన్నడు. ఆకు బంద్ పెట్టిండు.

పని పోయినంక దవఖానకు ఏం పెట్టుకొని పోతది? ఇంట్లనే కూసున్నది. కూసున్న దినాలు పొద్దుపోక ఇంకింత తంబాకు బుగ్గల పెట్టుకున్నది. మచ్చ పుండాయె. పుండు బుగ్గను తిన్నది. బుక్కెడు గంజి తాగుదామన్న పక్కకెళ్లి కారిపోతుండె. మొన్న ఎండకాలంల మట్టిలకు పోయింది. నోరు చూసినోళ్లు మల్ల ఎవరన్న వచ్చిండ్రా?

నువ్వు గప్పుడు లేవా? మంచిది. అందరు గప్పుడు లేనోళ్లే.

ముందుగాల వస్తే మచ్చ మచ్చకాడనే ఆగుతది, తంబాకు నోట్ల పెట్టుకునుడు బంద్ చేస్తే తగ్గుతది గూడ, గంతే గదా నువ్వు చెప్తున్నది? చిన్న ముక్క తీసి చూస్తరు, ఆలస్యం చేస్తెనే క్యాన్సర్ అయితదంటవ్. మంచిగనే చెప్తున్నవ్. ఎవరికన్న చెప్పు పో. నాకు మాత్రం వద్దు, గీ మచ్చ ముచ్చటే అబద్ధం.

ఎట్ల తెలుసంటె తెలుసు.

యాడున్నదంటవ్? ఎడమ బుగ్గల? లోపట, ఎనుక పన్నుకాడ? పాల మీది మీగడ లెక్క తెల్లగ? ఓహోహో! అబద్ధం గూడ కొలతలు తీసి కుట్టిండ్రు గదా మేడం!

సరే, ఒక్క మాట చెప్త. రామ్‌దాస్‌కు చెప్పవు గదా? ఒట్టెయ్యి. పిల్లలున్నరా నీకు? లేరా, అయితే మీ అవ్వ మీద ఒట్టెయ్యి.

విను మరి. నేను క్యాంపుకు పోనే లేదు!

అగో, ఎట్ల చూస్తున్నవో చూడు! పోలే. క్యాంపుకు రానోళ్ల బీడీ కార్డు క్యాన్సల్ అయితదని రామ్‌దాస్ గల్లి అంత చెప్పిండు. కార్డు పోతే పీయఫ్ పోతది, ముసల్తనంల వచ్చె పింఛన్ పోతది. పోతేనేమో నోరు చూస్తరు. నా నోరు నాకెరుకే గదా. మా అత్త ఉన్నప్పటిసంది బుగ్గల తంబాకే. కారం తింటె భగ్గుమంటది. మచ్చ ఉన్నదంటె అంజవ్వకు చేసినట్లే నాకు చేస్తరు.

గందుకే నా కార్డు ఇచ్చి ఒక మంచి నోరును తోలిన. పండ్లు బియ్యం లెక్క తెల్లగున్న నోరు. కార్డు మీద ఫోటో నా పడుచు వయసుల దిగింది, ఎవరు పోయినా సరిపోతది. కొంగు ముందటికి లాగుకొని కూసోమన్న. రాసుకునెటోడు తలకాయ ఎత్తనే లేదట. పేరు భూమవ్వనా అన్నడట, ఊఁ అన్నదట. అయిపాయె.

గిప్పుడు చెప్పు! మంచి నోట్ల మచ్చ ఎట్లొచ్చె? నన్ను పనిలకెళ్లి తీసెయ్యనీకె మీరు రాసుకున్నదే గదా?

నమ్మవా? ఇగో, కొట్టు టార్చి. నా నోరే చూడు. ఆఁ…

చూసినవా? ఎడమ బుగ్గల ఏమన్న ఉన్నదా? లేదు గదా! ఎర్రగున్నదా, ఉండనీ. గా మీగడైతే లేదు గదా. దొరికిపోయినవ్ మేడం, దొరికిపోయినవ్!

టార్చి బంద్ చెయ్యి, సెల్లు అయిపోతది.

ఎవరు పోయిండ్రు అంటవా? ఎవరైతేంది నీకు?

అటు చూడకు. చాట ముందటి గా పిల్లను ఎందుకు చూస్తున్నవ్, ఆమె పని ఆమె చేసుకోనీ.

నా కోడలు ఆమె. శంకరమ్మ. ఎడపల్లి పిల్ల. వాళ్లకు చెరుకు, వరి. మా ఇంటికొచ్చేదాక తంబాకు మొఖమే చూడలే. నేనే నేర్పిన ఆకు కత్తిరించుడు, చుట్టుడు, దారం కట్టుడు. నా కొడుకు మార్కండేయ భీమండిల బట్ట నేసే సాంచెలు నడుపుతడు. ఇల్లు నడిపేది మేమిద్దరమే. ఆమెకు కార్డు లేదు, చేసిన బీడీలన్ని నా పేరు మీదనే పోతయి. క్యాంపుకు ఆమెను ఎవరు పిలువలే. బీడీల పని చేసెటోళ్లల్ల ఆమె పేరే లేకపాయె.

చిన్న పిల్ల, మేడం. నిన్న మొన్న తల్లి అయింది. గా నోట్ల ఏముంటది?

ఏ బుగ్గ అన్నవ్?

ఎడమదా? మంచిగ యాది చేసుకో. కుడిది కాదా?

…నీళ్లు తాగుతవా? వద్దా. నేను తాగుత ఆగు.

బాలింతప్పుడు పన్ను సలిపింది ఆమెకు. ఎనుక పన్ను. దవడ పట్టుకొని ఒక్కటే ఏడుసుడు. దవఖానకు తోలుకపోతే ఆ దినం ఇద్దరి పని పోతది. గీ చేతితోనే, చాటల కెళ్లి జెర్రంత తంబాకు తీసి, నలిపి, ఎడమ బుగ్గల పన్ను పక్కకు పెట్టిన. మా అత్త నాకు గట్లనే పెట్టింది. గల్లి అంత గట్లనే పెడతరు, బయటకెళ్లి తెచ్చేది కాదు, ముందటనే ఉండె.

ముందుగాల కక్కింది. తల తిరుగుతుంది అత్తా అన్నది. అలవాటైతది తియ్ అన్న. జెర్రసేపటికి బుగ్గ మొద్దుబారింది, లేచి చాట ముందట కూసున్నది. తెల్లారి తనే అడిగింది, అత్తా, జెర్రంత పెట్టు అని.

గప్పటిసంది తియ్యలే. అది నోట్ల ఉంటె ఆకలి తెల్వది, కునుకు రాదు, చెయ్యి ఉరుకుతది. నేను సంబురపడ్డ బిడ్డా. నా కోడలికి పని మీద ఎంత పాణమో అని నీళ్ల నల్ల కాడ అందరికి చెప్పుకున్న.

గిప్పుడు గూడ ఉన్నది నోట్ల. నువ్వొచ్చినప్పటిసంది ఒక్క మాటన్న మాట్లాడిందా? బుగ్గల అది పెట్టుకొని ఎట్ల మాట్లాడుతది?

రామ్‌దాస్ మీద అనుమానపడ్డ. నీ మీద పడ్డ. గా పుర్రె బొమ్మ మీద పడ్డ. నా చెయ్యి మీద ఒక్కనాడన్న పడలే. ఛీ, నా బతుకు.

నువ్వు నా మాటకు అలిగి లేచి పోయినవనుకో, ఏమైతుండె? నా మచ్చ అబద్ధమని నేను నవ్వుకుంట కూసుందును. ఆమె బుగ్గల అది ముదురుకుంట పోతుండె. ఆమెను ఎతుక్కుంట ఎవరొస్తుండిరి చెప్పు?

ఒక్క పని చేస్తవా బిడ్డా? నా పేరు మీదనే తోలుకపో. భూమవ్వ అనే చూపియ్యి. ఆమె పేరు బయటపడితే రామ్‌దాస్ ఇగ ఆమెకు ఎన్నడు కార్డు ఇయ్యడు…

ఎందుకు కాదు? ముక్క తీసేది ఆమెది, మందు నాకు రాస్తరా అంటవా? మల్ల పిలిస్తే నన్ను పిలుస్తరా అంటవా?

నిజమే. నిజమే బిడ్డా, నాకు గంత యాదికి రాలే. కొట్టెయ్యి. భూమవ్వ పేరు కొట్టెయ్యి. శంకరమ్మ అని రాయి. కార్డు ఉంటదో పోతదో, నేను పోయి ఆ రామ్‌దాస్ ముందట కూసుంట. నా నోరు పనికొచ్చేది గిప్పుడే.

శంకరమ్మా! ఓ శంకరమ్మా! చాట పక్కకు పెట్టి రా. నోట్ల తంబాకు ఊంచి, పుక్కిలించి రా. సంచి గడప అవతల పెడత నేను, తడిస్తే తడవనీ. భయపడకు బిడ్డా, సిస్టరమ్మ మన దిక్కు మనిషే. డిచ్‌పల్లి.

ఇట్ల వెలుతురుకు కూసో. నోరు తెరువు.

తెరుస్తలేదు బిడ్డా. నన్ను చూస్తున్నది. ఎవరడిగినా తెరువకు, గా క్యాంపు ఒక్కనాడే తెరువు అని నేనే చెప్పిన గదా. నా మాట దాటదు.

తెరువు శంకరమ్మా, నేనే చెప్తున్న. ఆగు, నేనే తెరిపిస్త…

వద్దు. గీ చేతికి తంబాకున్నది. కడుక్కొని వస్త, నువ్వు టార్చి పట్టుకొని ఉండు.