వాలుపొద్దు నీడలు

సముద్రపు గాలి పొద్దుట్నుంచీ ఇసుకని ఊడ్చి పారేస్తోంది. తన హోటల్ ఫోటోలకి ఆమెని పిలిపించిన యజమాని చిర్రుబుర్రులాడుతున్నా, ఫోటోగ్రాఫరమ్మ కెమెరా వెనక నింపాదిగా ఉంది. ఇలాంటి గాలి కోసమే ఆమె ఏళ్ల తరబడి కాచుకుంది.

“ఇంకెంతసేపమ్మా? పొద్దు వాలిపోతోంది.”

“వాలాలండీ. ఈ ఏటవాలు ఎండకి ఇసుకలో ఉన్నదంతా నీడలతో సహా తేలుతుంది. మీరు హోటల్‌కి ముందు, కాస్త ఎడమగా నిలబడండి.”

“నా కాళ్ల దగ్గర ఈ గీతలేంటి?”

“గోడల పునాదులు. రెండు గదులు, ఓ వంటిల్లు.”

“ఇక్కడ ఇల్లన్నదే లేదు!”

“కోర్టులోనూ ఇదే మాటన్నారు. ఈ స్థలంలో మా ఇల్లుండేదన్నందుకు మా నాన్న ఒట్టి అబద్ధాలకోరన్నారు.”

“నువ్వు... ఆయన కూతురివా? ఆ కెమెరా ఇటివ్వు!”

“కదలకండి, సరిగ్గా మా గడప మీదే ఉన్నారు. ఆ రోజు మా నాన్నని చూసి నవ్వారే, అలా ఓసారి నవ్వండి. జడ్జిగారికి చూపిద్దాం.”