మంచుకు పోయే బండి

కళ్యాణదుర్గం బస్టాండు వెనక, పాత బండ్లు అమ్మే ఇనాయతుల్లా షెడ్డు. గొర్రెలు అమ్మిన డబ్బు కొంగున కట్టుకొని మారెక్క వచ్చింది.

"దీనికి పసుపు లైట్లు ఏపిస్తా మారెక్కా. ఎంత మంచున్నా దోవ కనపడతాది. గుత్తి కాడ తెల్లారుజామున మంచు దిగినా భయం ల్యా."

"ఆ మంచు కాదు ఇనాయతూ. సెనక్కాయ ఆకు మింద పడే మంచు కాదు నేను చెప్పేది."

"మంచంటే ఇంగేం మంచు?"

"కొండల మింద గడ్డగట్టి ఉంటాదే, అది. మనాలి. ఆడికి పోయే బండి కావల్ల."

"మనాలి? హిమాలయాలకా?"

"ఊ."

"ఎవురు పోయేది?"

"నేనే."

"తోలేది ఎవురు?"

"అదీ నేనే. ఇన్నేండ్లు ట్రాక్టరు తోల్లేదా? లైసెన్సు ఉండాది. చూపియ్యాలా?"

"వద్దులే. మీ ఆయనకు తెలుసునా?"

"ఈ వ్యాను ఎట్లుంటాది?"

"గంగప్పన్నకు తెలుసునా అంటాండా."

"వ్యాను ఎట్లుంటాది అంటాండా."

"వ్యాను పెండ్లిండ్లకు బాగుంటాది. ఎనక చక్రాలే లాగుతాయి దీనికి. మంచులో ఉన్నకాడనే తిరుగుతాంటాయి, ముందుకు పోవు."

"చెరువు మన్నులో ట్రాక్టరు దిగబడిన మాదిరి."

"అంతే. నీకు నాలుగు చక్రాలూ లాగే జీపు కావల్ల. ఆ మూలన ఉండాదే, అది. గేరు పక్కన ఇంగో చిన్న రాడ్డు చూడు. అది ఏస్తే ముందు చక్రాలు గూడా లాగుతాయి."

"ముసిలిదిగా ఉండాది."

"ముసిలిదైనా గట్టిది. నీ మాదిరి."

"నేను ముసిలిదాన్నా?"

"గట్టిదానివి అంటాండానక్కా."

"ఇంగేం కావల్ల దీనికి?"

"టైర్లకు గొలుసులు."

"గొలుసులేంటికి? ఆడ దొంగలుంటారా?"

"బండిని కట్టేసేదానికి కాదు. టైరు చుట్టూ చుట్టల్ల, జారకుండా. అవి ఈడ దొరకవు, ఆడనే బాడుగకు ఇస్తారంట. ఇంగోటి. మనం రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తామే, ఆడ అట్ల పోస్తే సలికి గడ్డగట్టి ఇంజను పగిలిపోతాది. కూలెంటు పోయల్ల."

"బండి లోపలి నీళ్లు గూడా గడ్డ కడతాయా? బాగుండాది."

"భయపడతావని చెప్తే బాగుండాది అంటావేంది?"

"ఇదే కావల్ల నాకు. తాళం ఇయ్యి."

"అక్కా, ఒగ మాట. గొర్లమ్మిన ఆ దుడ్లు బోరుకని మీ ఊరంతా అనుకుంటాండారు. పొద్దున బోరు బండి మీ ఊరి దోవ పట్టింది, నా కండ్లతో చూసినా."

"చూస్తే చూడు."

"జిల్లా అంతా గంగప్పన్నను పిల్చుకపోతారు. అరచేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా తిరుగుతాడు, అది యాడ లేసి నిలబడితే ఆడ బోరు ఏస్తారు. అట్లాటి మనిషి పెండ్లాం బోరు దుడ్లతో జీపు కొనిందంటే ఏమైనా ఉండాదా? అయ్యో, అదో, ఆయనే వస్తాండాడు."

"రానీ."

"ఏమే మారెక్కా, ఈడేం చేస్తాండావు? దుడ్లు యాడ? బోరు బండి చేను కాడికి వచ్చేస్తాది."

"ఇనాయతూ, జీపు కొంటాండా అని మీ అన్నకు చెప్పు."

"నన్ను మధ్యలో ఇరికించాకక్కా."

"జీపేంటికి?"

"మంచు చూసేదానికి."

"ఊర్లో నగతారు."

"ఎనిమిది బోర్లు ఎండిపోతే నగలేదా? తొమ్మిదోదానికి కొత్తగా నగేదేముండాది? గొర్లు నావి. మా అమ్మ ఇచ్చిన గొర్లు. వానల్లేని ఏండ్లల్లో వాటెంబడి కర్నాటక దాకా నడిచినవి నా కాళ్లు. ఆ దుడ్లు తీసకపోయి భూమిలో పొయ్యను."

"ఈసారి నేను పెట్టిన పాయింటు తప్పదు మారెక్కా. తూర్పు గట్టు కాడ టెంకాయ నిటారుగా లేసింది. నమ్మవా? సంచిలోనే ఉండాది. ఎట్ల లేస్తాదో చూపిస్తా ఉండు."

"షెడ్డులో ఏంటికన్నా?"

"నువ్వుండప్పా ఇనాయతూ. అదో, చూడు. కదులుతాండాది. చూడు, చూడు, లేసింది. జీపు ముందరనే లేసింది. నీ షెడ్డు కింద నీళ్లుండాయప్పా."

"అన్నా, రేడియేటరు కారతాండాది. కాళ్ల కింద చూసుకో, అంతా తడి."

"ఇనాయతూ, నగాకు."

"నగలేదక్కా, దగ్గొచ్చింది."

"కారే బండిని అమ్మతాండావా నాకు?"

"కొత్త రేడియేటరు ఏపిచ్చే ఇస్తాలే."

"ఏపియ్యి. ఏమయ్యా, ఆ టెంకాయ లోపల పెట్టి ఇట్ల చూడు. గార్లదిన్నె దాకా పోయి పాయింట్లు పెట్టినావు. ఇన్నేండ్లలో ఒగ్గ చేనులోనన్నా నీళ్లు లేవని చెప్పినావా?"

"అట్ల చెప్పకూడదు. రైతు ఆశపడి పిలిస్తే నోటితో లేదనకూడదు. మా నాయన నాకు నేర్పిండేది అదే."

"అందుకే నేను పోతాండా. నీళ్లుండాయా లేవా అని ఎవుర్నీ అడగాల్సిన పనిలేని తావు ఒగటి చూడల్ల నేను. ఆడ నేల మిందనే పడుంటాదంట, తొక్కుకుంటా పోతారంట."

"చూసి ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. చూస్తా."

"నన్ను ఒదిలిపెట్టి పోతావా?"

"ముందర రెండు సీట్లుండాయి. రావద్దన్యానా?"

"బోరు బండోళ్లకు ఏం చెప్పల్ల? ఊర్లో తల యాడ పెట్టుకోవల్ల? గంగప్ప పెట్టిన పాయింటును గంగప్ప పెండ్లామే నమ్మలేదంటారు."

"అననీ. ఇనాయతూ, నువ్వు కొంచెం అవతలికి పో."

"నా షెడ్డే గదక్కా ఇది."

"సరే, ఉండు. నువ్వూ విను. ఎనిమిదో బోరు ఎండినప్పుడు ఈయప్ప చేనుకు కొట్టే మందు డబ్బా పక్కన పెట్టుకోని గట్టు మింద కూకోనుండె. మూత గూడా తీసినాడు. నేను పోయి లాక్కున్యా. ఆపొద్దు నుంచి ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు."

"మారెక్కా, వద్దు."

"ఎత్తుతా. తొమ్మిదోది ఎండితే నేను అప్పటికి ఆడికి అందుకుంటానో లేదో. నాకు భయమైతాండాది. చేనులోకి నువ్వు ఒగనివే పోయినప్పుడల్లా గొర్లను ఇడిసిపెట్టి నీ ఎంబడి పరిగెత్తినా. నీళ్లు పడకపోతే పోనీ, నువ్వు నాకు కావల్ల. కోపం చేసుకో, ఇంట్లోకి రావద్దను, నేను బోరుకు దుడ్లు ఇయ్యను."

"అట్ల ఈ పరాయోని ముందర..."

"పరాయోన్ని కాదన్నా. మా తోటలోనూ నువ్వే గదా పాయింటు పెట్టింది."

"నీళ్లు పడినాయా మీకు?"

"దాని సంగతి ఇప్పుడేంటికిలే."

"చెప్పప్పా."

"అన్నా, నీ ఫోను మోగుతాండాది. ఎత్తు."

"ఎవురు, చూడప్పా. నాకు కండ్లద్దాలు లేవు."

"బోరు బండాయన."

"ఇట్లియ్యి. హలో. ఆ, గంగప్పనే. చేను కాడికి వచ్చినారా? తూర్పు గట్టేనప్పా. రాళ్లు పేర్చిన తావేలే. అదే పాయింటు. ఏం, పైపులు దించుతాండారా? దించాకండి. ఆపండి."

"దుడ్లు లేవని చెప్పాలా అన్నా? సిగ్గైతే నేను మాట్లాడతా, ఇట్లియ్యి."

"నువ్వుండు ఇనాయతూ. హలో, దుడ్లకు కాదప్పా. దుడ్లుండాయి. లేదు, వేరే పాయింటు గూడా పెట్టను. గంగప్పనే చెప్తాండా, విను. ఆడ నీళ్లు లేవు."