కుడికి లాగే చెయ్యి

హిందూపురంలో అలైన్‌మెంట్ చేయించిన పాత కారు పెనుకొండ దారి పట్టింది. స్టీరింగ్ భర్త చేతిలో ఉంది. డ్రైవింగ్ రాదనిపించుకుని ఏడాదిగా బడికి బస్సులో పోయివస్తున్న టీచరమ్మ పక్క సీట్లో కూర్చుంది.

“మెకానిక్ ఏం చెప్పినాడండీ?”

“ముందు చక్రాలు సరిగ్గా లేవంట. బండి ఎడమకే లాగుతా ఉండెనంట. సరిచేసినాడు.”

“ఎప్పటినుంచి?”

“శానా దినాలనుంచే. పాత బండి కదా.”

“అంటే నేను నేర్చుకునేటప్పుడు గూడా అట్లే ఉండెనన్నమాట.”

“ఉండొచ్చు.”

“మా నాయన ముందర ఏం చెప్పినారు? దీని చెయ్యే వంకర, బండిని గుంతలోకి దించుతాదని.”

“ఏదో ఊరికే అంటి.”

“తాళాలు గూడా ఊరికేనే జేబులో పెట్టుకుంటిరా?”

“ఇదే బండి నేను నడపలేదా? నాకు నేరుగానే పోయింది.”

“పోతాది. మీరు స్టీరింగ్ కుడికి లాగిపట్టుకుని నడిపినారు. ఆ మాట నాకు మాత్రం చెప్పలేదు.”

కారు మెల్లగా తెల్లగీత దాటి కుడికి జరిగింది. ఎదురుగా వస్తున్న లారీ గట్టిగా హారన్ కొట్టింది. అతను గబుక్కున ఎడమకు తిప్పాడు.

“యాడికి పోతాండారు?”

“అలవాటుకొద్దీ చెయ్యి లాగుతాండాది.”

“బండి బాగైపాయ. మీ చేతికి అలైన్‌మెంట్ యాడ చేస్తారో కనుక్కోవాల.”

“ఎగతాళి చాలు.”

“చాలు. పక్కన ఆపండి.”

“ఎందుకు?”

“మీరు ఈ పక్కకి రండి. నాకు లాగే అలవాటు లేదు.”

అతను దిగాడు. ఆమె సీటు ముందుకు జరుపుకుంది. పెనుకొండ వచ్చేదాకా కారు గీత దాటలేదు.